కూలికి పంపుదామా, సేవకు పంపుదామా?



ఈనాడు మీతో విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని ముచ్చటించబోవడం లేదు. మన యిళ్లలో ఎదుగుతున్న పిల్లలను గురించి, అంటే 14 ఏండ్లు నిండి 18 యింకా నిండని మగపిల్లలను, ఆడపిల్లలను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. వ్యవసాయపు మనిషికి యీ సంగతులెందుకని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్న నేను తెచ్చింది కాదు. ఒక పెద్ద రైతు నన్ను నలుగురిలో నిలబెట్టి అడిగినది.

పులివెందుల వైపు ఒక వూళ్లో అరటి రైతుల సమావేశం జరిగింది. బిందు సేద్యపు గొట్టాలు పూడిపోకుండా చూసుకోవడం ఎట్లాగో చెప్పి ముగించాను. వెనుక కూర్చున్న పెద్దాయన ఒకరు లేచారు.

"సార్, నీళ్ల సంగతి చెప్పినావు, బాగుండాది. నా మనవని సంగతి గూడా ఒకటి చెప్పు. వాడు ఇంటరు చదువుతాండాడు. సెలవుల్లో ఏడు దినాలు క్యాంపంట. వూరు వూడ్చాలంట, కాలవ తవ్వాలంట, డబ్బులు మాత్రం ఇయ్యరంట. అదే ఏడు దినాలు అరటితోటలో పనికొస్తే దినం కూలి యిస్తామని గుత్తదారు పిలుస్తాండాడు. పిల్లోన్ని యాడికి పంపల్ల?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, "రెండూ మంచివే పెద్దాయనా" అన్నాను. ఆయన "సరేలే సార్" అని కూర్చున్నాడు. ఇంటికి వస్తూ ఆలోచించుకుంటే నా జవాబు నాకే నచ్చలేదు. ఎకరాకు ఎంత ఎరువు వేయాలని అడిగిన రైతుకు "వేసినా మంచిదే, మానినా మంచిదే" అని చెబుతామా? చెప్పము. మరి పిల్లవాని సంగతిలో అట్లా ఎందుకు చెప్పాను? ఆనాటి బాకీ యీనాడు తీర్చుకోదలచాను.

అయితే దానికి ముందు యింకొక పిల్లవాని కథ చెప్పవలసి వున్నది.

కొన్నేండ్ల కిందట జమ్మలమడుగు ప్రాంతంలో, నల్లరేగడి నేలల వూరు ఒకదానికి బుడ్డశనగ నూర్పిడి చూడటానికి పోయాను. మీకు తెలియనిది కాదు, ఆ నేలల్లో అక్టోబరు, నవంబరులలో విత్తిన శనగ ఫిబ్రవరి, మార్చి నాటికి కళ్లానికి వస్తుంది. అందరికీ ఒకేసారి కోత, అందరికీ ఒకేసారి మనుషులు కావాలి, కూలి రేటు కూడా అప్పుడే పెరుగుతుంది. ఆ కళ్లంలో 15 ఏండ్ల పిల్లవాడు మూటలు మోస్తున్నాడు. ఏం చదువుతున్నావని అడిగితే పదో తరగతి అన్నాడు. పరీక్షలకు యింకా పదైదు దినాలు వున్నది.

తండ్రి పక్కనే వున్నాడు. నా చూపు చూసి ఆయనే అన్నాడు: "ఏం జేయాల సార్. ఎరువుల అంగడి బాకీ వుండాది. ఈ పదైదు దినాలు వాడు గూడా వస్తే కొంత తీరుతాది. రాత్రిళ్లు చదువుకుంటాడులే."

నేను ఏమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. వచ్చే సంవత్సరానికి విత్తనం ఎట్లా ఏరిపెట్టుకోవాలో, గింజలో తేమ ఎంత వుండాలో చెప్పి వచ్చేశాను. అది నా వుద్యోగం, యిది వారి యింటి సంగతి అనుకున్నాను. ఆ పిల్లవాడు లెక్కల్లో తప్పాడు. వేసవిలో మళ్లీ పరీక్ష పెడతారు గదా, అప్పటికి ప్రొద్దుటూరులో బేల్దారి పనికి కుదిరిపోయాడు. ఆ కథ ఏమయిందో చివర చెబుతాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కూలి పని మంచిదా, కూలి లేని సేవ మంచిదా అని అడిగితే జవాబు దొరకదు. పని ఎవరి లాభానికి జరుగుతున్నదో చూస్తే దొరుకుతుంది. ఒకరి లాభానికి చేసే పనికి కూలి యిచ్చి తీరాలి. వూరందరి మేలుకు చేసే పనికి కూలి అడగరాదు. ఏ పని అయినా చదువును మింగరాదు, ఒంటిని చెరపరాదు. నా ప్రసంగమంతా యీ నాలుగు మాటలే. వీటినే కొంచెం విప్పి చెబుతాను.

ముందుగా చట్టం ఏమంటున్నదో తెలుసుకుందాము. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. అది ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 14 ఏండ్లు నిండని బిడ్డను ఏ పనికీ కూలికి పెట్టుకోరాదు. సొంత యింటి పనిలో, సొంత సేద్యంలో బడి అయిన తర్వాత గాని, సెలవుల్లో గాని, ప్రమాదం లేనంత వరకు సాయపడవచ్చు. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో మగ్గాలున్న యిళ్లకు కూడా యిదే వర్తిస్తుంది. తండ్రి మగ్గం దగ్గర సాయంత్రం కాసేపు కూర్చోవడం వేరు, బడి మాన్పించి కూర్చోబెట్టడం వేరు.

14 నిండి 18 నిండని వారిని ప్రమాదకరమైన పనులకు పెట్టుకోరాదు. గనులు, రాతి క్వారీలు, పేలుడు పదార్థాలు అందులోకి వస్తాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాలలో నాపరాయి గనులు వున్నవి. పులివెందుల వైపు ముగ్గురాయి గనులు వున్నవి. పిల్లవాడు ఒడ్డూ పొడుగూ ఎదిగి మీసం వచ్చినా సరే, 18 నిండేదాకా గని పనికి పంపరాదు. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేండ్ల దాకా జైలు గాని, 20,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

మిగిలిన పనులకు పెట్టుకోవచ్చు గాని, హద్దులున్నవి. మూడు గంటలకు మించి ఏకబిగిన పని చేయించరాదు, తర్వాత గంటసేపు విశ్రాంతి యివ్వాలి. విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలకు మించరాదు. రాత్రి 7 నుంచి పొద్దున 8 గంటల దాకా పని చెప్పరాదు. వారానికొక సెలవు వుండాలి. "ఇవన్నీ అంగళ్లకు, హోటళ్లకు గదా, మన చేనికెందుకు?" అనుకుంటారేమో. ఆ చట్టం చెప్పిన పనిచోట్లలో అంగడి, హోటలు, వర్కుషాపులతో పాటు సేద్యపు క్షేత్రం కూడా వున్నది.

ఇక్కడ ఒక చిక్కు వున్నదని నాకు తెలుసు. ఏప్రిలు, మే నెలల్లో మన జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మనం తెల్లవారి ఆరింటికే చేనికి పోయి పదకొండుకు యింటికి వస్తాము. చట్టమేమో ఎనిమిదింటికి ముందు వద్దంటుంది. ఎనిమిది తర్వాత ఎండ ముదురుతుంది. కాబట్టి ఆ నెలల్లో ఎదిగే పిల్లలకు నీడపట్టు పనులే చూడాలి. కాయ ఏరడం, గ్రేడు చేయడం, తూకం దగ్గర చిట్టా రాయడం, అంగట్లో కూర్చోవడం వంటివి. ఇది చట్టం కోసమే చెప్పడం లేదు. మే నెల ఎండలో మోతపని చేసిన పిల్లవాడు జూన్‌లో బడికి పోయేటప్పటికి మనిషి సగమై వుంటాడు.

ఇప్పుడు కూలి పనిలోని మంచిని చెబుతాను. మంచి లేదని అనడం అబద్ధం.

నేను చదువుకునే రోజుల్లో సంక్రాంతి సెలవుల్లో పత్తి తీయడానికి పోయాను. సాయంత్రం తూకం వేసి డబ్బు నా చేతిలో పెట్టినప్పుడు కలిగిన సంతోషం యిప్పటికీ మరువలేదు. దానికంటే పెద్ద పాఠం యింకొకటి వున్నది. మా అమ్మ ఏండ్ల తరబడి అదే పని చేస్తున్నది. ఆ రోజు నా నడుము పట్టుకుపోయిన తర్వాత గాని, ఆమె నడుము సంగతి నాకు తెలియలేదు. కూలి పని పిల్లవానికి రూపాయి విలువను, చెమట విలువను కలిపి నేర్పుతుంది. తూకం సరిగా వున్నదా, లెక్క సరిగా కట్టారా అని చూసుకోవడం నేర్పుతుంది. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో దసరా రోజుల్లో సెలవు దినాలకు కుదిరిన పిల్లవాడు కొనేవారితో మాట్లాడటం, చిల్లర లెక్క, మాట మీద నిలబడటం నేర్చుకుంటాడు. ఇవన్నీ పుస్తకంలో దొరికేవి కావు.

కాని ఒక షరతు. ఆ డబ్బు ఎవరి చేతికి పోతున్నది? మేస్త్రీ తండ్రికి యిచ్చి, తండ్రి బాకీకి కట్టేస్తే పిల్లవానికి నడుము నొప్పి తప్ప మరేమీ మిగలదు. పదేండ్లు నిండిన పిల్లలు తమ పేర పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చునని రిజర్వు బ్యాంకు 2014లోనే బ్యాంకులకు తెలిపింది. బ్యాంకులు కొన్ని హద్దులు పెడతాయి, అది న్యాయమే. కూలిలో సగమైనా ఆ ఖాతాలో పడనివ్వండి. ఇంటి అవసరానికి కొంత తీసుకుంటే పిల్లవానితో చెప్పి తీసుకోండి. "నాయనా, ఇంత వాడుకుంటాండా" అని చెప్పిన తండ్రికి గౌరవం తగ్గదు, పెరుగుతుంది.

ఆడపిల్లల మాట వేరుగా చెప్పాలి. సంకర పత్తి విత్తనం తయారు చేసే చేలల్లో సాయంత్రం పూవులోని మగభాగం తీసివేసి, మరుసటి పొద్దున వేరే పూవు పుప్పొడి అద్దుతారు. పూత వున్నన్నాళ్లు, నెలల తరబడి, ప్రతిరోజూ యీ పని వుంటుంది. మన పొరుగున కర్నూలు జిల్లాలో, అటు మహబూబ్‌నగర్‌లో 1990 తర్వాతి సంవత్సరాలలో యీ పనికి ఆడపిల్లలనే ఎక్కువగా పెట్టుకున్నారు. వేళ్లు సన్నవి, పని నాజూకుగా చేస్తారని చెప్పేవారు. కూలి తక్కువ, ఎదురు చెప్పరు అన్నది చెప్పని కారణం. తల్లిదండ్రులకు ముందే బయానా యిచ్చేవారు. బయానా తీసుకున్న యింటి బిడ్డకు బడి ఎక్కడిది? ఎం.వి. ఫౌండేషన్ వారు, శాంతా సిన్హా గారి నాయకత్వంలో, బడికి పోని ప్రతి బిడ్డనూ బాలకార్మికురాలిగానే లెక్కించాలన్నారు. ఆమెకు 2003లో రామన్ మెగసెసె బహుమతి వచ్చింది. కాబట్టి అమ్మలారా, బయానా యిచ్చి బిడ్డను అడిగేవాడు వచ్చినప్పుడు వాకిట్లోనే వద్దని చెప్పండి. పిల్లలను బలవంతంగా పనిలో పెట్టారని తెలిస్తే 1098కి ఫోను చేయండి. దానికి ఖర్చు లేదు.

ఇక సేవ సంగతి.

కూలి లేకుండా వూరి పని చేయడం మనకు కొత్తది కాదు. మన జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. ఆ చెరువు కట్టడానికి రోజూ వెయ్యి మంది పనివాండ్లు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేండ్ల కాలం పట్టిందని అందులో చెక్కివున్నది. కట్టడం ఒకసారితో అయిపోతుంది. నిలుపుకోవడం మాత్రం ఏటేటా వుండే పని. మదరాసు రాజధాని రోజుల్లో ఆయకట్టు రైతులు యింటికొక మనిషిగా వచ్చి కాలువ పూడిక తీసుకునేవారు. దానిని కుడిమరామత్తు అనేవారు. ఆ ఆచారం సడలగా 1858లో దానికోసం నిర్బంధ శ్రమ చట్టమే తేవలసి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో సమాజ వికాస పథకంతో శ్రమదానం అనే మాట వూరూరా వినిపించింది. 1997లో మన రాష్ట్రంలో జన్మభూమి కార్యక్రమంతో మళ్లీ వినిపించింది. పెద్దాయన మనవని క్యాంపు కూడా ఆ వరుసలోదే. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాలలో మొదలయింది. అందులో చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఒక వూళ్లో ఏడు దినాల క్యాంపులో వుండాలి.

ఏడు దినాలలో కాలువ ఎంత తవ్వుతారు? నిజం చెప్పాలంటే, నలుగురు మనుషులు ఒక పూటలో తవ్వేటంత. మరి లాభమేమిటి? తన వూరు కాని వూళ్లో, తన కులం కాని పిల్లలతో కలిసి ఒకే పళ్లెం వరుసలో కూర్చొని తినడం, ఎవరి నుంచీ ఏమీ ఆశించకుండా ఒక పని పూర్తి చేయడం, నలుగురిని ఒప్పించడం. ఇవి కూలికి పోతే దొరకవు. కూలిలో చెప్పిన పని చేస్తాడు. సేవలో ఏ పని చేయాలో తాను కూడా ఆలోచించవలసి వుంటుంది.

అయితే సేవ పేరిట మోసం కూడా జరుగుతుంది. ఒకచోట పిల్లలను సేవకని పిలిచి, ఒక పెద్దమనిషి సొంత తోటలో కలుపు తీయించారు. సాయంత్రం తలా ఒక అరటిపండు యిచ్చి, ఫోటో తీసి పంపారు. అది సేవ కాదు. మన పాత మాటలో దానిని వెట్టి అంటారు. 1950 నుంచి రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. కాబట్టి పిల్లవాడు సేవకు పోతున్నానంటే తండ్రి ఒక్క ప్రశ్న అడగాలి: "ఆ పని వల్ల లాభం ఎవరికి?" చెరువుకా, బడికా, ఆసుపత్రి ఆవరణకా? పోనివ్వండి. ఒక మనిషికా? అయితే ఆ మనిషి కూలి యివ్వాలి.

మన వూళ్లలో ఎదిగే పిల్లలు చేయదగిన సేవ ఏమిటని విస్తరణోద్యోగులు అడుగుతుంటారు. వూడ్చడం ఒక్కటే సేవ కాదు. చదువుకున్న పిల్లవాని చదువు వూరికి పనికివచ్చే సేవ కావాలి. మూడు చెబుతాను.

మొదటిది మొలక పరీక్ష. విత్తనానికి ముందు, చదువు రాని ముసలి రైతుల యిండ్లకు పోయి ఏరకుండా 100 గింజలు తీసుకొని, తడి గోనెపట్టాలో వరుసగా పేర్చి చుట్టి, ఆరిపోకుండా తడుపుతూ వారం పది దినాలకు విప్పి లెక్కపెట్టడం. ధ్రువీకరించిన విత్తనమైతే వేరుశనగకు 70, బుడ్డశనగకు 85 తగ్గకుండా మొలవాలి. తగ్గితే విత్తనం మార్చుకోవాలని ఆ రైతుకు ముందే తెలుస్తుంది. ఒక రైతు పంటను ఒక పిల్లవాడు నిలబెట్టినట్లే.

రెండవది మట్టి నమూనా. చేనిలో ఎనిమిది, పది చోట్ల పై చెత్త తీసి, 15 సెంటీమీటర్ల లోతున ఇంగ్లీషు 'వి' అక్షరం మాదిరి గుంత తీసి, అంచునుంచి మట్టి గీకాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసివేస్తూ అరకిలో మిగిల్చాలి. నీడలో ఆరబెట్టి, పేరు, సర్వే నంబరు రాసి రైతు సేవా కేంద్రంలో యివ్వాలి. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా దీనిని చక్కగా చేయగలరు.

మూడవది మందు డబ్బా మీది రాతలు చదివి చెప్పడం. ప్రతి పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తు వుంటుంది. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎంత మోతాదు, ఎన్ని దినాలు ఆగి కోయాలి అనేవి చదివి చెప్పాలి. చదివి చెప్పడమే సుమా! కొట్టడం కాదు, కలపడం కాదు, ఖాళీ డబ్బా కడగడం కూడా కాదు. మందు పనికి 18 లోపు పిల్లలను దగ్గరకు రానీయకండి. బోరు మోటారు స్టార్టరు, ట్రాక్టరు, నూర్పిడి యంత్రం దగ్గర కూడా అంతే.

కూలికీ సేవకూ నడుమ యింకొక దారి వున్నది. అది నాకు అన్నిటికంటే యిష్టమైనది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఎ.బి. గ్రాహం అనే బడుల పర్యవేక్షకుడు 1902లో పల్లె పిల్లలను సంఘంగా చేర్చి, ఎవరి కయ్యలో వారు మొక్కజొన్న, కూరగాయలు పండించేటట్లు చేశాడు. అటువంటి సంఘాలే తర్వాత ఫోర్-హెచ్ సంఘాలు అయ్యాయి. 1914లో అక్కడ వ్యవసాయ విస్తరణకు చట్టం వచ్చినప్పుడు యివి దానిలో భాగమయ్యాయి. పెద్దలు కొత్త పద్ధతులు నమ్మకపోయినా, కొడుకు కయ్యలో పండినది చూసి నమ్మేవారు.

మనం చేయలేమా? నీటి వసతి వున్న చోట ఐదు సెంట్లు పిల్లవానికి గాని, ఆడపిల్లకు గాని విడిచిపెట్టండి. గోరుచిక్కుడు వేస్తారో, ఆకుకూర వేస్తారో వారి యిష్టం. నేల లేకపోతే ఒక మేకపిల్ల యివ్వండి. ఒక నోటుపుస్తకం యిచ్చి విత్తనం ఖర్చు, ఎరువు ఖర్చు, అమ్మిన రాబడి తేదీల వారీగా రాయమనండి. మిగిలినది వారి ఖాతాలో వేసుకోనివ్వండి. నష్టం వస్తే తిట్టకండి, లెక్క చూపమనండి. ఎందుకు నష్టం వచ్చిందో లెక్క చూసి చెప్పగలిగిన పిల్లవాడు రేపు ఏ బ్యాంకులోనూ, ఏ మండీలోనూ మోసపోడు.

ఇప్పుడు నెలల సంగతి. రైతుకు కాలమంటే ఏమిటో చెప్పనవసరం లేదు. పైరుకు పూతదశలో నీరు తప్పిస్తే తర్వాత ఎంత పారించినా గింజ పట్టదు. పిల్లవానికి జనవరి చివరి నుంచి మార్చి దాకా పూతదశ. పదో తరగతి, ఇంటరు పిల్లలను ఆ రెండు మూడు నెలలు కూలికీ పంపవద్దు, సేవకూ పంపవద్దు. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు వున్నవి. ఏ పనైనా అప్పుడే.

"ఆ నెలల్లోనే గదా శనగ కోత, ఆ నెలల్లోనే గదా మనుషులు దొరకరు" అని జమ్మలమడుగు రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. ఆ కళ్లంలో ఆ తండ్రికి నేను చెప్పలేకపోయినది యిదే. అప్పుడు తోచలేదు, యిప్పుడు తోచింది. సేవ పిల్లలే చేయాలని ఎక్కడ వున్నది? మన వూళ్లలో బదులు పని అనే ఆచారం వున్నది గదా. ఈనాడు మీ చేనికి నేను, రేపు నా చేనికి మీరు. పదో తరగతి బిడ్డ వున్న యిండ్లు వూరికి ఎన్ని వుంటాయి? ఆ యిండ్ల కోతకు ముందుగా పోదాము, యంత్రం వస్తే వారి కళ్లం ముందు నూర్చమందాము. ఆ బిడ్డ మోయవలసిన మూటలు పెద్దలు మోద్దాము. అది పెద్దలు పిల్లలకు చేసే శ్రమదానం. ఎరువుల అంగడి బాకీ కూడా పంట అమ్మినాక కట్టేటట్లు ఒక నెల గడువు అడిగి చూడవచ్చు. తండ్రి ఒక్కడే అడగడం కంటే వూరి పెద్దలు యిద్దరు కూడా పోయి అడిగితే ఆ మాటకు బరువు వుంటుంది.

నా తోటి విస్తరణోద్యోగులకు ఒక మనవి. ఫిబ్రవరిలో చేనికి పోయినప్పుడు పంటతో పాటు పిల్లలను కూడా చూడండి. కళ్లంలో బడి యీడు బిడ్డ కనిపిస్తే నా మాదిరి విత్తనం సంగతి చెప్పి వచ్చేయకండి. పరీక్ష ఎప్పుడని అడగండి. ఉపాధ్యాయునికి ఒక మాట చెప్పండి. ఇంకొకటి, మన ప్రదర్శన క్షేత్రంలో కలుపు పెరిగినప్పుడు బడిపిల్లలను సేవకని పిలిచే పని మనమే చేయరాదు. వారు చూడటానికి రావాలి, తెలుసుకోవడానికి రావాలి. కలుపు తీయించుకుంటే కూలి యివ్వవలసిందే, అది కూడా పెద్దలకు.

పెద్దాయనా, మీ ప్రశ్నకు యిప్పుడు జవాబు చెబుతాను. వింటున్నారని ఆశిస్తాను. ఈ సెలవుల్లో మీ మనవని ఏడు దినాల క్యాంపుకే పంపండి. ఆ ఏడు దినాలు మళ్లీ రావు. గుత్తదారు వేసవిలో కూడా పిలుస్తాడు. అప్పుడు పంపండి, అయితే గెలలు మోయడానికి కాదు. గెల బరువు పెద్దల భుజానికే ఎక్కువ. లెక్క రాయడానికి, హస్తాలు విడదీసి పెట్టెలలో సర్దడానికి పంపండి. కూలి మీ చేతికి కాకుండా మనవని చేతికి యిప్పించండి.

ఇక ఆ బుడ్డశనగ కళ్లంలోని పిల్లవాని కథ. మొన్న ప్రొద్దుటూరులో ఒక కట్టడం దగ్గర కనిపించాడు. ఇరవై దాటినవి. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. ఎవరినీ తప్పు పట్టలేదు. ఒక మాట మాత్రం అన్నాడు: "సార్, ఆ పదైదు దినాల కూలి మా నాయన అంగడి బాకీకి కట్టినాడు. మరుసటేడు మళ్లా బాకీ అయింది. బాకీ మళ్లా వచ్చింది గాని, ఆ పరీక్ష మళ్లా రాలేదు."

వస్తుంది నాయనా అన్నాను. మన రాష్ట్రంలో 1991 నుంచి సార్వత్రిక విద్యాపీఠం వున్నది. పనిచేసుకుంటూనే పదో తరగతి రాయవచ్చు. వయసు దాటిందన్న బెంగ లేదు. దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందో చెప్పాను. ఆ సాయంత్రం మేస్త్రీతో కూడా మాట్లాడాను, పరీక్ష దినాలకు సెలవు యిస్తానన్నాడు. పిల్లవాడు దరఖాస్తు పెట్టాడు. లెక్కలు మరిచిపోయానని భయపడుతున్నాడు. మా వూరి ఇంటరు పిల్లలు యిద్దరు ఆదివారాలలో వానికి లెక్కలు చెబుతామని ముందుకు వచ్చారు. వారికి ఎవరూ కూలి యివ్వరు, వారు అడగరు కూడా.

రైతు సోదరులారా, ఈ రాత్రి బువ్వ దగ్గర కూర్చున్నప్పుడు మీ పిల్లవాని పరీక్ష ఎప్పుడో అడగండి. ఆ తేదీ గోడ మీద, కోత తేదీ పక్కనే రాసిపెట్టండి. ఒకటి రెండవదాన్ని తొక్కకుండా చూసుకోవడం మన చేతిలో వున్నది.